పదకొండు సీసాల ఎర్రనీళ్ళు

వరస నెంబర్లు వేసి కాగితం మీద పెడితే ప్రపంచంలో ఎంతటి చిక్కయినా విడిపోతుందని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. మెకానికల్ డిప్లొమా చేతపట్టుకుని, కిరండూల్ ఇనుపరాతి గనుల్లో బళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో ట్రైనీగా చేరి అప్పటికి నాలుగు నెలలు. సబ్బు, చెంబు, తువ్వాలు అని రాసుకోనిదే స్నానానికి కూడా వెళ్ళేవాణ్ణి కాదు (నవ్వకండి, రాసుకోని ఒక్క రోజున తువ్వాలు మరిచిపోయి చాలాసేపు లోపలే ఉండిపోయాను). అలాంటి నన్ను ఒక ముసలి కారు, కొన్ని ఊరగాయ సీసాలు, ఒక నల్ల రబ్బరు గొట్టం కలిసి ఒక ఆదివారమంతా పిచ్చివాణ్ణి చేశాయి.

మాకు దూరపు చుట్టమైన ఇంజను మావయ్య రైల్వే క్వార్టరులో వెనక గది నాది. ఆయన కిరండూల్ నుంచి విశాఖపట్నానికి ముడిరాయి రైళ్ళు నడిపే డ్రైవరు. నెలాఖరుకి రిటైరై శ్రీకాకుళం దగ్గర పల్లెకు వెళ్ళిపోవాలి. ఆయనకొక దొరలకాలపు కారుండేది. బానెట్ మీది బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి అది ఏ కంపెనీదో నాకు ఇప్పటికీ తెలియదు. విశ్వకర్మ పూజ రోజు మాత్రం కొండమీది గనుల గేట్లు కుటుంబాలకు తెరిచేవారు. ప్రతి ఏడూ ఆ రోజున మావయ్య కారు కడిగి, దండ వేసి, అత్తయ్యను ఎక్కించుకుని బయల్దేరడం, కొండదారి నాలుగో మలుపులో రేడియేటరు పొంగి పొగలు కక్కడం, అది చల్లారి నీళ్ళు దొరికేసరికి గేట్లు మూసే వేళ కావడం, ఇద్దరూ మెల్లగా కిందికి దిగి రావడం. ఇదీ ఆనవాయితీ.

"బస్సులో ఎల్లిపోదాం అంటే ఇనడు బాబూ" అని అత్తయ్య నాతో అంది.

"బస్సులో తీసుకెల్తే కంపెనీవోడు సూపించినట్టవుద్ది. నాను సూపించినట్టు ఎలగవుద్దే?" అన్నాడు మావయ్య. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పాతికేళ్ళు ఆ కొండని ముక్కముక్కలుగా సముద్రం కాడికి మోసీసాన్రా. మీ అత్తకి మాత్రం ఒక్కపాలి సూపించనేదు. ఇదే ఆకరి పూజ. కారు ఎక్కుద్దా, ఎక్కదా? ఎక్కదంటే జగదల్‌పూర్ పాత ఇనుము సేటుని రేపే రమ్మంతాను."

నేను పుస్తకం తీసి 'పని: రేడియేటరు, ఇంజను నీటిదారులు శుభ్రపరచుట' అని రాసి కింద పధ్నాలుగు అంశాలు వేశాను. సాయానికి మా వర్క్‌షాపులో పనిచేసే బాసగూడ అన్న (అది ఆయన ఊరి పేరు) వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నాలుగు భాషలు వచ్చినవాడు, నాలుగింటిలోనూ తక్కువ మాట్లాడేవాడు. రేడియేటరు అడుగున ఉన్న కుళాయి విప్పగానే సాంబారు లాంటిదేదో బుడుంగుమని పడింది. వాసన చూశాను. పసుపు.

"రేడియేటరు కారతన్నాదని రెండు సెంచాలు ఏసాను" అని మావయ్య నేల చూపులు చూశాడు. "మల్లీ ఏడు మల్లీ రెండు."

"ఇంజనుకేమైనా జలుబు చేసిందా మావయ్యా?" అన్నాను, చదువుకున్నవాడి గర్వంతో. పొంగడానికి కారణం దొరికిందనుకున్నాను. చాకలి సోడా కలిపిన నీళ్ళు పోసి, ఇంజను వేడెక్కేదాకా నడిపి, చల్లారనిచ్చి (వేడి ఇంజనులో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది, అంశం ఆరు) ఆ నీళ్ళన్నీ కిందికి వదిలేశాను. ఇక మిగిలింది జాడించడం. పెరటి కుళాయికి గొట్టం తగిలించి, ఇంటిచుట్టూ తిప్పి వీధివైపుకి తెచ్చి, కింది నుంచి పైకి నీళ్ళు ఎదురు తోలాలి. పైనుంచి తేటనీళ్ళు వచ్చేదాకా ఆపకూడదు. అలాగని పాఠంలో ఉంది. ఎంత తేటపడిందో తెలియడానికి అత్తయ్య ఖాళీ ఊరగాయ సీసాలు అడిగి, నెంబర్ల చీటీలు అంటించి, కొద్దికొద్దిసేపటికి ఒక్కో సీసా పట్టి అరుగు మీద వరసగా పెట్టాను.

మొదటిది పసుపు. రెండోది చింతపండు పులుసు. మూడోది ఎరుపు. ఇంతవరకు బాగానే ఉంది, తుప్పు కదా. నాలుగోదీ ఎరుపే. ఐదోదీ అంతే. మావయ్య అరుగు మీద కూర్చుని సీసాలకేసి, నాకేసి మార్చి మార్చి చూస్తున్నాడు. నేను కుళాయి వేగం పెంచాను, తగ్గించాను, గొట్టం పైనుంచి పెట్టాను, మళ్ళీ కిందినుంచి పెట్టాను, రేడియేటరును పక్కనుంచి చేత్తో తట్టాను, ఒకసారి బతిమాలాను కూడా. ఏడో సీసా పక్కన పుస్తకంలో 'అదే' అని రాశాను. తొమ్మిదో దాని పక్కన 'అదే' రాసి ప్రశ్నార్థకం పెట్టాను. ఒక ఇంజనులో ఇంత తుప్పు ఎలా పడుతుంది? ఇంత ఇనుము కరిగిపోతే ఇంకా ఇంజను ఎలా మిగిలింది? నేను చదివినదేదీ దీనికి సరిపోలేదు. పదకొండో సీసా చీటీ మీదే 'కారణం: తెలియదు' అని రాశాను. నా జీవితంలో ఆ మాట రాయడం అదే మొదలు.

"మావయ్యా" అన్నాను, రోగి బంధువులతో డాక్టరు మాట్లాడినట్టు. "లోపలంతా తుప్పు తినేసింది. కొండెక్కిస్తే ఇంజను పగలొచ్చు."

ఆయన లేచి వెళ్ళి, పూజకని తెచ్చిపెట్టుకున్న బంతిపూల దండను కారు అద్దం మీంచి తీసి మెల్లగా చుట్టసాగాడు.

అప్పుడే అత్తయ్య తెల్ల ఎనామెల్ బకెట్టు పట్టుకుని వచ్చింది. "కుళాయి మొత్తం నువ్వే వాడేత్తే నాను గిన్నెలు ఏటితో తోముకోవాల?" అంటూ రేడియేటరులోంచి గొట్టం ఊడబెరికి బకెట్టులో పెట్టింది. తెల్ల బకెట్టులో ఎర్రనీళ్ళు గిర్రున తిరిగాయి. మూడో సీసా రంగు. పదకొండో సీసా రంగు.

నేను పదకొండో సీసా తెచ్చి బకెట్టు పక్కన పెట్టాను.

"వానలడితే కొండ మట్టంతా కుళాయిలోకే గదా" అంది అత్తయ్య. "నీకు తాగడానికీ తానానికీ రోజూ పటిక ఏసి, తేర్చి, గుడ్డలో వడకట్టి పోత్తన్నాను. నీళ్ళు అలగే వత్తన్నాయనుకున్నావేటి?"

నిజంగా అలాగే అనుకున్నాను. గొట్టం నల్లనిది, కుళాయి పెరట్లోది. బయటికొచ్చే నీళ్ళను పదకొండుసార్లు పరీక్షించాను గానీ, లోపలికి వెళ్ళే నీళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు. పధ్నాలుగు అంశాల్లో అది లేదు.

బాసగూడ అన్న వైపు తిరిగాను. "గొట్టం తగిలించింది నువ్వే కదన్నా. నువ్వయినా చెప్పొచ్చు కదా!"

"ఏంది సారూ చెప్పేది? ఎర్ర నీళ్ళు పోస్తే ఎర్ర నీళ్ళే వస్తయ్" అన్నాడు తాపీగా. "మీరు రాసుకుంటున్రు గదా. ఏదో పెద్ద లెక్క ఉంటదనుకున్న."

వారం రోజులుగా ముసురు. చూరు కింద అత్తయ్య డ్రమ్ముల నిండా వాననీళ్ళు ఉండనే ఉన్నాయి. రేడియేటరుకు అంతకంటే మంచి నీళ్ళు లేవని నా పాఠంలోనే ఉంది. వాటితో జాడిస్తే రెండే రెండు బకెట్లకు తేటగా వచ్చేసింది. మళ్ళీ తుప్పు పట్టకుండా, లేతు యంత్రం దగ్గర నీళ్ళలో కలిపే పాలరంగు నూనె కాస్త వేసి, నిండా వాననీళ్ళే పోశాను. మావయ్య దండ విప్పి మళ్ళీ కట్టాడు. పసుపు డబ్బా అత్తయ్య దాచేసింది.

పూజ రోజు నలుగురం బయల్దేరాం. నాలుగో మలుపు రాగానే మావయ్య కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తి, నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పొగ లేదు. పొంగు లేదు. ఆయన మొహంలో ఆదివారం నాటి నా మొహం కనిపించింది.

"ఏటయిందిరా దీనికి?" అన్నాడు కంగారుగా.

"ఏమీ కాలేదు మావయ్యా. ఎక్కండి."

కొండమీద మెట్లు మెట్లుగా తవ్విన ఎర్రటి గుంట అంచున అత్తయ్య కొంగు బిగించి చాలాసేపు నిలబడింది. మావయ్య గొంతు సవరించుకుని, ఏ మెట్టు రాయి ఎటు పోతుందో, ఎన్ని పెట్టెలు లాగేవాడో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. ఆమె అంతా విని, వంగి, చిటికెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూసింది.

"ఓస్, ఇదేనా!" అంది. "నువ్వు సూపించనేదని అలుగుతున్నాను గానీ, ఇది రోజూ నా బిందెలోకి వత్తన్నదే."

మావయ్య అంత గట్టిగా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. నెలాఖరుకి ఆ కారులోనే వాళ్ళు వెళ్ళిపోయారు.

పదకొండో సీసా మాత్రం నా దగ్గరే ఉంది. ఇన్నేళ్ళలో మట్టంతా అడుగుకు దిగి, పైన నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. దాన్ని ఒక్క రాత్రి కదపకుండా ఉంచినా అది మట్టేనని నాకు తెలిసేదేమో. అప్పుడప్పుడు చేతిలోకి తీసుకుని ఒకసారి ఊపుతాను. అంతా ఎర్రబడిపోతుంది. చీటీ మీద సన్నగా, పొందికగా, 'కారణం: తెలియదు' అని రాసిన ఆ కుర్రవాడు మళ్ళీ ఒక్క క్షణం కంగారు పడతాడు. తేరుకునేదాకా పక్కన కూర్చుంటాను.