గువ్వను నమ్మకండి

ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు ఆగమ్మ. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేదేమో గానీ, నోళ్ళలో ఎప్పుడో అరిగిపోయింది. ఎవరు ఏ కొత్త ప్యాకేజీ తెచ్చినా "ఆగండి" అనేది కనుక ఆ పేరు. ఒకసారి పై అంతస్తులో మంటలని గంట మోగితే, అందరూ మెట్ల మీద పడి పరిగెడుతుంటే, ఆమె మాత్రం కుర్చీలోంచి కదలకుండా "ఆగండి, నిజం గంటో కాదో చూద్దాం" అందని చెప్పుకునేవారు. ఆ మంటల్లో ఆమె చీర అంచు కాలిందని కూడా కలిపేవారు. ఆమె ఆఫీసుకు చీర కట్టుకెళ్ళిన పాపాన పోలేదు.

ఆమెది ప్రోగ్రాములు రాసే పని. ఇల్లు కట్టేవాడు ఇటుకలు తానే కాల్చుకోనట్టు, ప్రోగ్రాము రాసేవాళ్ళూ అన్నీ తామే రాసుకోరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసి, ఊరికే వాడుకోమని ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి గోదాములో పెట్టిన ప్యాకేజీలను దించుకుని తమ పనిలో అతికించుకుంటారు. తలుపు తీసి ఉన్న గోదాములోకి పుణ్యాత్ములే వస్తారా? దొంగలూ వస్తారు. మంచి ప్యాకేజీలో నాలుగు దొంగ వాక్యాలు కలిపితే చాలు, దించుకున్నవాడి కంప్యూటర్లో దాచుకున్న పాస్‌వర్డులు, తాళంచెవుల్లాంటి రహస్య సంకేతాలు అన్నీ అవి మూట కట్టుకుని పోతాయి.

ఇలాంటి కల్తీ నాలుగు రోజుల్లో ఎవరో ఒకరి కంట పడక మానదు. అందుకే ఆగమ్మ ఒక రూలు పెట్టింది. గోదాములోకి కొత్తగా వచ్చినదేదైనా వారం ఆగాకే మన గడప తొక్కాలి.

ఈ రూలు విని అత్తగారు పడీ పడీ నవ్వింది.

"అంటే ఊళ్ళోవాళ్ళు తిని బతికితే నువ్వు తింటావన్నమాట. అందరూ నీలాగే కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే, ముందు ముద్ద పెట్టుకునే వెర్రివాడెవడే?"

"ఎవడో ఒకడు ఉంటాడు లెండి, అత్తయ్యా."

"ఉంటాడులే. వాడికీ ఓ తల్లి ఉంటుంది."

భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. "మా ఆవిడకి అద్దాలతో పనిలేదు. ఎదుటివాడి తప్పు వారం ముందే కనిపిస్తుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

గోదాములో ఆగమ్మది కూడా ఒక ప్యాకేజీ ఉంది. కూతురు పుట్టి సెలవులో ఉన్న రోజుల్లో, ఒక చేత్తో పిల్లను జోకొడుతూ రెండో చేత్తో రాసింది. జనం చిరునామాలు ఎలా పడితే అలా రాస్తారు కదా, ఇంటి నంబరు తోకలో, వీధి పేరు తలలో. వాటిని తిన్నగా పేర్చడం దాని పని. కూతురి ముద్దుపేరే దానికి పెట్టింది: గువ్వ. పార్శిళ్ళు పంపేవాళ్ళు, ఆసుపత్రులవాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో వాడుకునేవారు. "మీ గువ్వ పుణ్యమా అని మా అమ్మ మందులు పక్కింటికి పోకుండా మా ఇంటికే వస్తున్నాయి" అని ఒకాయన రాస్తే, ఆ మాట భర్తకు చదివి వినిపించింది.

"బాగుంది. జీతం పెంచమని అడుగు."

"ఎవరిని?"

"అదే నేనూ అడుగుతున్నా."

జీతం లేకపోతేనేం, పేరుంది. గువ్వ అంటే కల్తీ లేని సరుకు అని. ఆ పేరును ఆమె పిల్లను సాకినట్టే సాకింది.

ఆ రోజు మధ్యాహ్నం పెద్ద కస్టమర్లు వస్తున్నారు. వాళ్ళకు చూపించాల్సిన ప్రోగ్రాము తెర మీద సగమే కనిపిస్తోంది. దాన్ని బాగుచేసే కొత్త ప్యాకేజీ ఆ పొద్దున్నే గోదాములోకి వచ్చింది. వచ్చింది ఎవరి పేరుతోననుకున్నారు? పెద్దాయన పేరుతో. ఆయన ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. ఆగమ్మతో ఏళ్ళ తరబడి ఈమెయిల్లో ఉత్తరాలు నడిపాడు. ప్రతి ఉత్తరం మోకాళ్ళ నొప్పితో మొదలై ప్రోగ్రాములో తప్పుతో ముగిసేది.

మేనేజరు ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. "మేడమ్, అది ఎవరో దారినపోయే దానయ్యది కాదు, మీ పెద్దాయనది. ఆయన రాసింది కళ్ళకద్దుకోవచ్చని మీరే అంటారు కదా."

"పొద్దున్నే వచ్చిందండీ అది. వారం..."

"మీ వారం రేపట్నుంచి మొదలెట్టుకోండి. వాళ్ళు లిఫ్ట్‌లో ఉన్నారు."

ఆగమ్మ ప్యాకేజీ మీద పేరు చూసింది. లోపలేముందో చూడలేదు. చదవడం రానివాళ్ళు ఎవరూ చెయ్యలేని తప్పు అది. బస్తా విప్పి గింజ చూడగలిగిన మనిషి, బస్తా మీద రాసిన పేరు చూసి ఊరుకుంది. ఒక్క వాక్యం టైపు చేసి మీట నొక్కింది. తెర బాగుపడింది. కస్టమర్లు తలలూపారు.

"చూశారా మేడమ్? ఆగకపోతే కొంపలేం మునగలేదు" అన్నాడు మేనేజరు. ఆయన కొంప మునగలేదన్నది నిజమే.

మర్నాడు పొద్దున కూతురికి జడ వేస్తుంటే ఫోను మోగడం మొదలెట్టింది. ఎవరో తెలియని మనిషి రాశాడు: "నిన్న మీరు పెట్టిన కొత్త గువ్వ దించుకున్నాక మా తాళంచెవులన్నీ పోయాయి."

నిన్న ఆమె ఏ గువ్వనూ పెట్టలేదు. జడ సగంలో వదిలేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. గోదాములో కొత్త గువ్వ కూర్చుని ఉంది, ఆమె పేరుతోనే.

అప్పుడు అర్థమైంది. ముందు ఎవడో పెద్దాయన కంప్యూటర్లోకి దూరి, తాళంచెవితో సహా ఉన్నదంతా కొట్టేశాడు. ఆయన పేరుతో కల్తీ సరుకు పెట్టాడు. అది ఆగమ్మ కంప్యూటర్లోకి దిగి ఆమె తాళంచెవి పట్టుకుపోయింది. దానితో గువ్వ తలుపు తీసి, అందులోనూ అదే విషం కలిపింది. గజ్జిలా, తాకినవాడి నుంచి తాకినవాడికి.

దొంగ గువ్వను పీకేసింది. తాళాలు మార్చింది. జరిగింది జరిగినట్టు, తన తప్పుతో సహా, అందరికీ కనపడేలా రాసింది. కానీ అప్పటికే చాలామంది మునిగారు. వాళ్ళలో ఒకడు రాసిన మాట ఆమె గుండెలో ముల్లయి దిగింది: "ఎవరిదైనా వారం ఆగి తీసుకుంటాం. ఈవిడదని ఆగలేదు."

ఆఫీసులో మీటింగు పెట్టారు.

"రూలు పెట్టింది మేడమే, తప్పింది మేడమే. నేనేమీ అనను" అన్నాడు మేనేజరు.

"మీరే కదండీ అడిగారు?"

"అడుగుతానండీ. అడగడం నా ఉద్యోగం. కాదనడం మీది."

సాయంత్రానికల్లా ఆయన సంతకంతో ఆఫీసంతా ఒక ఆదేశం తిరిగింది. ఏ కొత్త ప్యాకేజీ అయినా వారం ఆగాల్సిందే. ఎంత ముందుచూపు అని పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ ఆదేశం కిందే, ఇక మీద ముట్టరాని ప్యాకేజీల పేర్లు ఉన్నాయి. మొదటిది గువ్వ.

ఇంట్లో కూతురు టాబ్లెట్ పట్టుకుని వచ్చింది. "అమ్మా, గువ్వను నమ్మకండి అని రాశారే. నేనేం చేశాను?"

"నిన్ను కాదమ్మా. నీ పేరున్న ప్యాకేజీని."

"అయితే నా పేరు తీసెయ్."

తీసెయ్యడానికి లేదు. ఆ పేరు ఖాళీ చేస్తే, ఆ ఖాళీలోకి మళ్ళీ ఏ దొంగో వచ్చి కూర్చుంటాడు. ఈ సంగతి పిల్లకు ఎలా చెప్పాలో తెలియక, సగంలో వదిలేసిన జడ గుర్తొచ్చి దువ్వెన అందుకుంది. జడ పొద్దున్నే నాయనమ్మ వేసేసింది.

ఆగమ్మ గువ్వను అక్షరం అక్షరం కడిగింది. శుభ్రమైన గువ్వను మళ్ళీ గోదాములో పెట్టి, ఎవరు దించుకుంటారా అని చూస్తూ కూర్చుంది. వారం గడిచింది. ఇంకో వారమూ గడిచింది.

అత్తగారు వచ్చి వెనక నిలబడింది. "ఎవరైనా తిన్నారా?"

"లేదత్తయ్యా. అందరూ ఆగారు."

ఈసారి అత్తగారు నవ్వలేదు. కోడలి భుజం మీద చెయ్యి వేసి, వంటింట్లోకి పోయింది.

అప్పుడే పెద్దాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తెరవకుండానే మొదటి వాక్యం కనిపిస్తోంది. ఈ చలికి మోకాళ్ళు మరీ మొండికేశాయని. ఆయన ఎప్పుడూ అలాగే మొదలుపెడతాడు. ఆయన పాత ఉత్తరాలన్నీ మూట కట్టుకుపోయినవాడూ అలాగే మొదలుపెట్టగలడు.

ఆగమ్మ దాన్ని తెరవలేదు.