మూత తీయకూడని పెట్టె

పెట్టెక్క ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి కసిరి ఆపేసింది. వంతెన మీద బండ్లన్నీ నిలిచిపోయిన వేళ ఆమె తలెత్తి చూసి, "కాసేపు ఆగు" అన్నదనీ, ఆయన బుద్ధిగా మబ్బు చాటుకు పోయి, మందు చేరాల్సిన చోటికి చేరేదాకా తొంగి కూడా చూడలేదనీ బండి నడిపే బాబాయి ఒట్టేసి చెబుతాడు. ఆ ఒట్టుకు ఎంత విలువ ఉందో ఆయన భార్యను అడిగి తెలుసుకోవాలి గానీ, కథ మాత్రం గట్టిది.

పెట్టెక్క పని ఏమిటంటే ఒక్క మాటలో చెప్పడం కష్టం. ఎక్కడో ఒకరికి తప్ప రాని జబ్బులు కొన్ని ఉంటాయి. వాటి పేర్లు పలకాలంటే డాక్టర్లు కూడా ఒకసారి గొంతు సవరించుకుంటారు. అలాంటి రోగుల్ని వెతికి పట్టుకుని, రోగికి మందూ, మందుకు మంచమూ, మంచానికి డాక్టరూ కుదిర్చే జట్లు ఉన్నాయి. ఆ జట్లన్నిటికీ ఆమె పెద్ద. పెళ్లిళ్ల పేరయ్య పనిలాంటిదే. కాకపోతే ఇక్కడ సంబంధం తప్పిపోతే ఇంకోటి చూద్దాంలే అనడానికి ఉండదు.

ఆఫీసంటే టైర్ల కొట్టు మీద రెండు గదులు. ఒక గదిలో మనుషులు చెమటలు కక్కుతుంటారు. రెండో గదిలో మందుల ఫ్రిజ్ దొరసానిలా చల్లగా కాపురం చేస్తుంటుంది. అక్కణ్ణుంచి మందు బయలుదేరిందంటే చల్లదనం పోనివ్వని పెట్టెలో వెళ్లాల్సిందే. ఆ పెట్టెకు ఒంటికి గుడ్డ తొడుగు, బండిలో ముందు సీటు, దానికి బెల్టు. పెట్టెక్క మాత్రం వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంటుంది.

"ఆ పెట్టెకు చేసే మర్యాదలో పావు వంతు నా కొడుక్కి చేస్తే వాడి బతుకు బాగుపడేది" అంటుంది అత్తగారు.

"పెట్టె ఎదురు చెప్పదు కదత్తయ్యా" అంటుంది ఈమె.

ఆమెకు రెండు పద్ధతులున్నాయి. రోగి మంచం దగ్గరికి చేరేదాకా పెట్టె మూత తీయకూడదు. పొద్దున లేవగానే ప్రతి రోగికీ జట్టులో ఎవరో ఒకరు ఫోన్ చేసి పలకరించాలి. రెండోదంటే ఆమెకు కాస్త గర్వం కూడాను. పలకరింపే సగం మందు అని కొత్తగా చేరినవాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెబుతుంది.

అలాంటిది, దర్జీ వదిన ఫోన్ ఎత్తడం మానేసింది.

ఆవిడ మార్కెట్ వెనక వీధిలో బట్టలు కుడుతుంది. కండల్లో బలం కొంచెం కొంచెంగా కరిగించేసే జబ్బు. రెండు వారాలకోసారి సెలైన్‌తో పాటు మందు ఎక్కిస్తే జబ్బు ఉన్నచోట ఉంటుంది, లేకపోతే ముందుకు నడుస్తుంది. వరసగా రెండుసార్లు ఆవిడ క్లినిక్‌కి రాలేదు. "పోయిన బలం తిరిగి రాదమ్మా. ఈసారి కూడా మానేస్తే ఆ చేతులు మిషన్ మీదికి లేవవు" అని డాక్టరు చెప్పేశాడు. ఇక జట్టును పంపి లాభం లేదని పెట్టెక్క తనే పెట్టె కట్టించుకుని బయలుదేరింది. వెంట బాబాయి, కొత్తగా చేరిన నర్సు.

వంతెన దగ్గర మరమ్మతులు. ముందు బండి కదలదు, వెనక బండి హారన్ ఆపదు. అద్దంలోంచి ఎండ సూటిగా పెట్టె మీద పడుతోంది. ముందుకు వంగి నర్సు మూత కొంచెం ఎత్తి చూసి మూసింది. కాసేపాగి మళ్లీ ఎత్తింది.

"ఏం చూస్తున్నావు చెల్లీ?"

"చల్లగా ఉందో లేదో అని అక్కా."

"లోపలి చలి ఎంతో పైన అంకె కనిపిస్తోందిగా."

"అంకె అబద్ధం చెబితేనో?"

"విత్తనం నాటి, మొలిచిందా లేదా అని పూటకోసారి తవ్వి చూస్తే ఏం మొలుస్తుంది తల్లీ?" అన్నాడు బాబాయి, స్టీరింగు మీద గడ్డం ఆనించి.

మూత ఎత్తినప్పుడల్లా చలి బయటికి పోయింది, అంకె ఒక మెట్టు ఎక్కింది. ఇంకొంచెం ఎక్కితే ఆ మందు పారబోయడానికి తప్ప పనికిరాదు. అప్పుడు పెట్టెక్క తలెత్తి ఆకాశంకేసి చూసిన మాట నిజం. ఏదో అన్న మాట కూడా నిజం. తర్వాత బండి అటు జరిగింది, ఇటు జరిగింది. అంకె ఎక్కడిదక్కడ ఆగింది.

దర్జీ వదిన కొట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. మోచేతుల కింద మడత పెట్టిన గుడ్డలు పెట్టుకుని, వాటి ఆసరాతో చేతులు మిషన్ మీదికి చేర్చింది. వీళ్లను చూసి కూడా తొక్కడం ఆపలేదు.

"నేను రాను వదినా. వచ్చిన దారినే పొండి."

"సూది నొప్పా?"

"సూదిదేముంది, పొద్దస్తమానం వాటితోనేగా నా కాపురం. మీ ఫోనే నా వల్ల కాదు. చెయ్యి లేస్తోందా, మెట్టు ఎక్కావా, ఊపిరి ఆడుతోందా. నిద్ర లేచినప్పుడు బాగానే ఉంటాను. మీరు ఫోన్ పెట్టేశాక చెయ్యెత్తి చూసుకుంటాను, నిన్నటికంటే తగ్గిందేమోనని. ఇక రోజంతా అదే పని. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే వాళ్ల చేతులు చూడను, నావే చూసుకుంటాను. మందు మానేస్తే ఫోనూ మానేస్తారు కదా అని మానేశాను."

ఎన్నో ఆస్పత్రుల్లో ఎంతోమంది నోళ్లు మూయించిన పెట్టెక్క పక్కకు చూసింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నర్సు బొటనవేలు ఇంకా మూత అంచు మీదే ఉంది. ఆ వేలినే చూసింది. ఇన్నేళ్లుగా పొద్దున్నే ఫోన్ తీసే తన వేలు కూడా అలాగే ఉండేదేమో.

"ఆ పద్ధతి పెట్టింది నేనే. ఇక చెయ్యం. నువ్వు పిలిస్తేనే పలుకుతాం."

"నేను పిలవకపోతే?"

"నాకు నిద్ర పట్టదు. అది నా గొడవ, నీకెందుకు?"

దర్జీ వదిన తొక్కడం ఆపింది. తర్వాత ఆవిడ చూపు పెట్టెకు తొడిగిన గుడ్డ మీద పడింది.

"ఈ తొడుగు కుట్టిందెవరు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. పగవాళ్లకు కూడా ఎవరూ ఇలా కుట్టరు. పదండి, అక్కడ ఊరికే పడుకోలేను. మందు ఎక్కుతున్నంతసేపూ ఈ కుట్లు విప్పుతాను."

పక్క వీధి క్లినిక్‌లో మంచం పక్కన ఆవేళ మొదటిసారిగా మూత పద్ధతిగా తెరుచుకుంది. అంకె గీత దాటలేదు. ఒక చేతికి సూది గుచ్చించుకుని, తొడుగు ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో ఒక్కో కుట్టూ తెంపుతూ, పెట్టెక్క పనితనాన్ని ఆవిడ తిట్టిన తిట్లకు పక్క మంచాల వాళ్లు నొప్పులు మరిచిపోయారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పలకరింపులు కావాలన్న వాళ్లకే చేయమని పెట్టెక్క జట్లకు చెప్పేసింది గానీ, తన చేతికి చెప్పుకోలేకపోయింది. పొద్దున్నే ఆ చెయ్యి ఫోన్ మీదికి పోయేది, వెనక్కి వచ్చేది.

"పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు ఆ ఫోన్ ముందు కూర్చుంటావేమే?" అనేది అత్తగారు.

మళ్లీ మందు రోజు వచ్చింది. పెట్టెక్క ఫోన్‌ను తీసుకెళ్లి మందుల ఫ్రిజ్ నెత్తిన పెట్టి, తలుపు వేసి, టైర్ల కొట్టు ముందు నిలబడింది. కాసేపటికి నర్సే మోగుతున్న ఆ ఫోన్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"బండి బయల్దేరిందా వదినా? నా చెయ్యి సంగతి మాత్రం అడగకు."

"అడగను."

"బాగానే ఉంది" అని ఫోన్ పెట్టేసింది దర్జీ వదిన.

అప్పటినుంచి జట్టులో కొత్తగా ఎవరు చేరినా బాబాయి ఈ కథ చెబుతాడు. చెప్పినప్పుడల్లా ఎండ పెరుగుతుంది, వంతెన పొడుగవుతుంది, సూర్యుడు ఇంకాస్త గజగజ వణుకుతాడు. మొన్న చేరిన అమ్మాయి ఉండబట్టలేక, ఇదంతా నిజమేనా అని పెట్టెక్కనే అడిగేసింది. ఆమె దర్జీ వదిన కుట్టిచ్చిన కొత్త తొడుగు గుండీలు పెడుతూ, తలెత్తకుండానే చెప్పింది:

"సూర్యుడితో నేనేం మాట్లాడలేదు. పక్కన ఇటుకల లారీ ఆగి ఉంది. దాని నీడలో బండి పెట్టమన్నాను."