వెనక లైటు వెలిగిందా?

నా చిన్నప్పుడు మా అమ్మమ్మకు సముద్రం చూపించడానికి మా మావయ్య చక్రాల మీద ఒక గది కట్టాడు. కారు వెనక గది తగిలించుకుని, అందులోనే పడుకుంటూ వండుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళను ఇప్పుడు మా మనవరాలు ఫోనులో చూపిస్తుంటుంది. ఆ రోజుల్లో విజయవాడలో అటువంటి బండిని ఎవరూ చూసి ఉండరు. మా మావయ్య కూడా చూడలేదు. అవసరం పడింది కాబట్టి కట్టాడు.

మా అమ్మమ్మది మంగళగిరి. కాపురానికి వచ్చిన నాటి నుంచి మగ్గమే ఆవిడ లోకం. ఒక వానాకాలం మగ్గం గుంటలోకి దిగబోతూ కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ ఆవిడ మళ్ళీ తిన్నగా కూర్చోలేకపోయింది. పడుకుంటే బాగానే ఉండేది. దిళ్ళు ఎత్తుగా పెడితే కాసేపు ఆనుకునేది. అంతకుమించి ఒళ్ళు సహకరించేది కాదు. మావయ్య ఆవిణ్ణి పటమటలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. మేమూ అదే వీధిలో ఉండేవాళ్ళం కాబట్టి బడి వదలగానే నేను ఆవిడ మంచం దగ్గరే తేలేదాన్ని.

ఒక ఆదివారం అందరం భోజనాలు చేస్తుండగా అమ్మమ్మ ఉన్నట్టుండి, "ఒరేయ్, నాకు సముద్రం చూడాలనుందిరా" అంది. మొక్కేమైనా ఉందా అని మా అమ్మ అడిగింది. "మొక్కూ లేదు, పాడూ లేదు. ఇంత దగ్గర పుట్టి ఒక్కసారి చూడలేదు. ఊరికే చూడాలనుంది, అంతే."

మా నాన్న మెల్లగా నచ్చజెప్పబోయారు. "బస్సులో కూర్చోలేరు కదా అత్తయ్యగారూ. జీపులో అయితే ఆ కుదుపులకు మళ్ళీ ఏ ఎముకో..."

"ఎలా వెళ్ళాలన్నది మీరు చూసుకోండి నాయనా. ఏం కావాలో నేను చెప్పాను" అని ఆవిడ మజ్జిగ అడిగింది.

మా మావయ్యకు ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. లారీలకు బాడీలు కట్టేవాడు. మర్నాటి నుంచి పని అయ్యాక, లారీలు వెళ్ళిపోయాక, షెడ్డులో ఒక మూల ఈ కొత్త పని మొదలుపెట్టాడు. ఎవరో వదిలేసిన రెండు చక్రాల ట్రెయిలర్‌ను బాగుచేసి, దాని మీద చెక్కతో గది లేపి, పైన రేకు కప్పాడు. లోపల ఒక మంచం, కుదుపు తగలకుండా రెండు పరుపులు, పక్కన నేను కూర్చోవడానికి ఒక పీట. వెనక వైపు రెండు రెక్కల తలుపు, దానికి అద్దాలు. గది ముందు భాగాన్ని తన పాత జీపుకు కొక్కెంతో తగిలించాడు.

కొక్కెం బండిని లాగుతుంది. కానీ ముందు డ్రైవరు బ్రేకు తొక్కిన సంగతి వెనక వచ్చేవాడికి తెలియాలి కదా! జీపు ఎర్రదీపాలు గది చాటున పడిపోతాయి. అందుకని మావయ్య గది వెనక వేరే దీపాలు పెట్టాడు. జీపు నుంచి వైర్ల కట్ట ఒకటి తెచ్చి, దాని చివర లావుపాటి ప్లగ్గు బిగించి, గది ముందున్న సాకెట్లో గుచ్చాడు. చీకట్లో వెలుగుతూ ఉండే ఎర్రదీపాలు, బ్రేకు దీపం, మలుపు దీపాలు, అమ్మమ్మ పిలవాలంటే నొక్కడానికి మంచం పక్కన పెట్టిన బెల్లు, అన్నీ ఆ ఒక్క ప్లగ్గు మీదే ఆధారపడి ఉండేవి.

ప్రయాణం రేపనగా సాయంత్రం మావయ్య నన్ను షెడ్డుకు తీసుకెళ్ళాడు. బండి వెనక నిలబెట్టి, "ముందు కూర్చున్నవాడికి వెనక ఏం వెలుగుతోందో కనబడదు పాపా. నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్పిందే నాకు లెక్క" అన్నాడు.

మొదట్లో దీపాలు చిత్రంగా వెలిగాయి. ఎడమ దీపం వేస్తే రెండు వైపులా మినుకుమినుకుమన్నాయి. బ్రేకు తొక్కితే ఉన్న వెలుగు కాస్తా తగ్గింది. కరెంటు వెళ్ళడానికి దారి ఉంది గానీ తిరిగి రావడానికి సరైన దారి లేదని, తుప్పూ గ్రీజూ పట్టిన కొక్కేన్ని నమ్ముకోవడం తన పొరపాటని మావయ్య చెప్పాడు. దానికోసం విడిగా ఒక నల్ల వైరు లాగాడు. అప్పుడు దీపాలు దేనికది శుభ్రంగా వెలిగాయి.

తర్వాత ఒక్కొక్కటే పిలుస్తూ పరీక్ష పెట్టాడు. "ఎడమ!" అనేవాడు. "వెలిగింది!" అనేదాన్ని. "కుడి!" "వెలిగింది!" నాకు భలే సరదాగా ఉంది. "బ్రేకు!" అన్నాడు. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. దీపం చీకటిగానే ఉంది.

"వెలగలేదు మావయ్యా."

"వెలగకపోవడమేంటి? ఇందాక వెలిగింది కదా! సరిగ్గా చూడు."

దగ్గరకు వెళ్ళి వంగి చూశాను. నా చూపులోనే ఏదో లోపం ఉందేమోనన్న భయం పట్టుకుంది. మావయ్య గొంతులో విసుగు కూడా వినిపించింది. అయినా దీపం వెలగలేదు. ఏడుపు ఆపుకుంటూ, "వెలగలేదు. చూశాను. వెలగలేదు" అన్నాను.

మావయ్య జీపు దిగి వచ్చాడు. నవ్వుతున్నాడు. "నేను తొక్కితే కదే వెలగడానికి!" అని నా తల నిమిరాడు. "పెద్దవాడు గట్టిగా అన్నాడని మాట మారుస్తావేమో చూశాను. మార్చలేదు. రేపు వెనక గదిలో మా అమ్మ పక్కన నువ్వే కూర్చుంటావు."

మర్నాడు తెల్లవారుజామునే బయలుదేరాం. సూర్యుడు నీళ్ళలోంచి పైకి రావడం అమ్మమ్మ చూడాలని అందరి ఆశ. జీపులో మావయ్య, నాన్న, అమ్మ. వెనక గదిలో అమ్మమ్మ, నేను. అది చలికాలం. కంకిపాడు దాటేసరికి బందరు కాలువ మీది నుంచి మంచు లేచి రోడ్డును కప్పేసింది. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ళు, చెరకు లారీలు ఒకదాని వెనక ఒకటి నీడల్లా వచ్చి మాయమవుతున్నాయి.

నేను వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. మంచు తెర మీద మా దీపాల ఎర్రని వెలుగు పడుతోంది. మావయ్య బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ ఎరుపు ముదిరేది. అదంతా అమ్మమ్మకు చెబుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని ఊఁ కొడుతూ వింటోంది.

పామర్రు దాటాక ఒక వంతెన దగ్గర బండి బాగా ఒరుగుతూ మలుపు తిరిగింది. ముందు వైపు ఏదో టప్పుమంది. చూస్తుండగానే మంచు మీది ఎరుపు పోయింది. బయటంతా ఒకటే బూడిదరంగు.

"అమ్మమ్మా, దీపాలు ఆరిపోయాయి."

"బెల్లు కొట్టు."

నొక్కాను. మోగలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాను. ప్లగ్గు ఊడితే బెల్లూ మూగబోతుందన్న ఆలోచన అప్పుడు నాకు తట్టలేదు. బండి పోతూనే ఉంది. అంతలో దూరంగా వెనక నుంచి లారీ హారన్ వినిపించింది.

మా అమ్మమ్మ ముఖంలో కంగారన్నది లేదు. దిండు కింద నుంచి టార్చిలైటు తీసి నా చేతిలో పెట్టింది. కప్పుకున్న ఎర్ర చీర చెంగు లాగి దాని మీద వేసింది. "అద్దానికి ఆనించి పట్టుకో. పైకీ కిందకీ ఊపు. ఆపకు." తర్వాత తను మోచేతి మీద లేచింది. అలా లేవకూడదని డాక్టరు చెప్పాడు. పక్కనున్న ఇత్తడి చెంబు అందుకుని, మంచం తల వైపు చెక్క గోడను బాదడం మొదలుపెట్టింది. నొప్పికి ఆవిడ పళ్ళు కొరుకుతున్న చప్పుడు నాకు వినబడుతోంది. అయినా ఒక్క దెబ్బా తప్పలేదు. "ఒరేయ్! ఆపరా! ఆపు!"

నేను టార్చి ఊపుతూనే ఉన్నాను. మంచులో రెండు పసుపు ముద్దలు పుట్టాయి. అవి పెద్దవవుతున్నాయి. వెనక్కి పారిపోయి అమ్మమ్మను పట్టుకోవాలనిపించింది. ఆవిడ చెంబు దెబ్బలు వింటూ అక్కడే నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆ పసుపు ముద్దలు పక్కకు జరిగాయి. గట్టిగా బ్రేకుల కీచు వినిపించింది. చెరకు లారీ ఒకటి మా గది పక్కగా, చెరకు ఆకులు గోడను రాసుకుంటూ వెళ్ళిపోయింది. అదే సమయానికి మా బండి నెమ్మదించి రోడ్డు వార ఆగింది.

మావయ్య జీపులో కూర్చుని ఏమైందని కేకెయ్యలేదు. దిగి, వెనకదాకా నడిచి వచ్చి, తలుపు తీసి, నా ముఖమూ టార్చీ చూశాడు. "ఏది ఆరింది పాపా?"

"అన్నీ."

మరో ప్రశ్న అడగలేదు. నాన్నను లాంతరు పట్టుకుని రోడ్డు మీద వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు. తను ముందుకు వెళ్ళి చూస్తే ప్లగ్గు ఊడి వేలాడుతోంది. వైరు నేలకు రాసుకోకూడదని అంతకుముందు తనే బిగించి కట్టాడు. ఆ కట్టే మలుపులో వైరును లాగేసింది. దాన్ని విప్పి, మలుపుకు సరిపడా వదులు ఇచ్చి, లాగినా బరువు ప్లగ్గు మీద పడకుండా తాడుతో మళ్ళీ కట్టాడు. అప్పుడైనా బయలుదేరలేదు. జీపును పూర్తిగా ఎడమకు తిప్పి, పూర్తిగా కుడికి తిప్పి, ప్రతిసారీ నన్ను అడిగాడు. "ఎడమ?" "వెలిగింది." "బ్రేకు?" "వెలిగింది."

నాన్న తూర్పు వైపు చూస్తూ, "తెల్లారిపోతోందయ్యా. అత్తయ్యగారు ఈ ఒక్కటే కదా చూడాలనుకున్నది" అన్నారు.

"పొద్దు రేపు కూడా పొడుస్తుంది బావగారూ. ఇంకొక్కసారి చూడనివ్వండి." తర్వాత నా వైపు తిరిగి, "బెల్లు?" అన్నాడు.

బెల్లు మోగింది. అప్పుడు కదిలాం.

మంగినపూడి చేరేసరికి సూర్యుడు బాగా పైకి వచ్చేశాడు. మావయ్య బండిని గట్టి ఇసుక మీదికి వెనక్కి నడిపి, తలుపు రెక్కలు రెండూ తెరిచాడు. మంచం మీది నుంచే అమ్మమ్మకు సముద్రమంతా కనిపించింది. ఆవిడ దిళ్ళకు ఆనుకుని అలల వంకే చూస్తూ ఉంది. సూర్యోదయం తప్పిపోయిందని బాధపడుతోందేమోనని మా అమ్మ దగ్గరకు వెళ్ళింది. "ఇంత చప్పుడు చేస్తుందని ఎవ్వరూ చెప్పలేదేమే!" అంది అమ్మమ్మ. నవ్వుతోంది. నొప్పితో చెంపలు తడిసి ఉన్నాయి, అయినా నవ్వుతోంది. మధ్యాహ్నం నాన్నా మావయ్యా ఆవిణ్ణి బండిలోని మంచంతో సహా మోసుకెళ్ళి అల పాదాలకు తగిలేలా పట్టుకున్నారు. చల్లగా ఉందని చిన్నపిల్లలా కేక పెట్టింది. ఆ తర్వాత ఆవిడ బతికిన కాలంలో ఇంకెప్పుడూ ప్రయాణం చేయలేదు. చేయాలని అడగనూ లేదు.

ఆ రోజు ఇసుకలో కూర్చున్నప్పుడు నాన్న నాతో ఒక మాట చెప్పారు. "వెనక నుంచి ఆ చప్పుడు నాకూ వినిపించిందమ్మా. పిల్ల ఆడుకుంటోంది, పోనివ్వమన్నాను. మీ మావయ్య నా మాట వినలేదు. ఆ పిల్ల ఊరికే చెయ్యదని ఆపేశాడు."

ఆ మాట నాలో చాలా లోతుగా దిగింది. అంతవరకు నేను నేర్చుకున్నది ఒకటే: చూసింది చూసినట్టు చెప్పాలి, ఎదుటివాళ్ళు కోప్పడినా మార్చకూడదు. అది సగమే. ముందున్నవాడు ఆగకపోతే ఆ టార్చీ, ఆ చెంబు దెబ్బలూ, అమ్మమ్మ ఓర్చుకున్న నొప్పీ అన్నీ వృథా అయ్యేవి.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ముందు సీటు నాకే వచ్చింది. ఒకసారి ఆరో తరగతి అమ్మాయి ఒకతె నా గదికి వచ్చి, మేడమెట్ల రెయిలింగు ఊగుతోందండీ అని చెప్పింది. ఎప్పటి నుంచో అలాగే ఉందని, పిల్లలు కావాలని ఊపుతుంటారని గదిలో ఉన్నవాళ్ళు అన్నారు. ఇన్‌స్పెక్షన్ రోజు, చేతినిండా పని. నేను లేచి ఆ అమ్మాయి వెంట మెట్ల దాకా వెళ్ళి చెయ్యి వేసి చూశాను. రెయిలింగు గోడలోంచి ఊడి నా చేతికి వచ్చింది.

ప్రతిసారీ అలా జరగదు. చాలాసార్లు వెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. అయినా వెళతాను. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో లేవడం కష్టంగానే ఉంది. అవతలి గదిలోంచి మనవరాలు "నానమ్మా, ఒకసారి ఇలా రా" అంటే కూర్చున్న చోటి నుంచి ఏంటని అరవను. కుర్చీ చేతులు పట్టుకుని లేస్తాను. నడిచి వెళతాను.