పట్టాభి సారు గరాజులో ఖాళీ జాగా

పట్టాభిరామయ్య సారు జేబులో సుద్దముక్క ఉన్నంతకాలం ఈ లోకంలో ఏ వస్తువుకూ స్వేచ్ఛ లేదు. కనబడిన ప్రతిదాని చుట్టూ గీత గీస్తాడు. కాఫీ గ్లాసు కింద పెడితే గ్లాసు చుట్టూ గీత. చెప్పులు విడిస్తే చెప్పుల చుట్టూ గీత. మళ్లీ అదే గీతలో పెట్టకపోతే ఆయనకు అన్నం సహించదు. “గీత ఉంటే చోటు ఉన్నట్టేనండీ. గీత లేని వస్తువు దిక్కులేనిది” అంటాడు. కాకినాడ దగ్గర బియ్యం గోదాముల్లో ఉద్యోగం చేస్తూ, బస్తాలకు గీతలు గీసి గీసి తెచ్చుకున్న జబ్బు అది. పింఛను వచ్చింది గానీ జబ్బు పోలేదు.

ఆయన సంగతి తెలియాలంటే ముందు నా సంగతి కొంచెం తెలియాలి. లేకపోతే పోలిక అందదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో మా ఊరు. ఊళ్లో మొదటి బోరు నేనే వేయించాను. మా బడిలో ఏడో తరగతి పరీక్షలో మొదటివాణ్ని. ఎనిమిదో తరగతి మా ఊళ్లో లేదు కాబట్టి చదువే నన్ను వదిలిపెట్టింది, నేను దాన్ని వదల్లేదు. సర్పంచిగా గెలిచాను, అంగన్‌వాడీకి స్లాబు వేయించాను. ఊరికి మొదటి జీపు కూడా నాదే. నా తోటలో కాసిన అనాబెషాయి ద్రాక్ష ఆ జీపులోనే సికిందరాబాదు మోండా మార్కెట్‌కు పోయేది. ఊళ్లో పెళ్లి కుదిరితే ముందు నా జీపు ఖాళీగా ఉందో లేదో అడిగి, తర్వాత శుభలేఖలు అచ్చు వేయించేవారు.

తర్వాత బోర్లు ఎండాయి, తోట పోయింది, తోట ఉన్నచోట కాలనీ వచ్చింది. అందులో ఒక ప్లాటు పట్టాభి సారుది.

ప్లాటు చేతికి వచ్చిన కొత్తలోనే ఒక పొద్దున అటు వెళ్లాను. ఖాళీ నేల మీద ముగ్గుపిండితో పెద్ద పెద్ద గదులు గీసి ఉన్నాయి. సారు రెండు చేతులతో గాలిలో స్టీరింగు పట్టుకుని, మెడ వెనక్కి తిప్పి, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒక మూల ఆయన భార్య నాగమణమ్మ చేతులు చాపి నిలబడి ఉంది.

“ఏంది సారూ, తబియత్ మంచిగున్నదా?” అంటూ అడుగు వేశాను.

“ఆగండి మల్లేశం గారూ. మీరు గోడలోంచి వస్తున్నారు. తలుపు అటుంది.”

మా తాతల నాటి నుంచి నాగలి పట్టి నడిచిన నేల అది. అందులో లేని గోడ చుట్టూ తిరిగి, లేని తలుపులోంచి లోపలికి పోయాను.

“చెల్లె, నువ్వెందుకు నిలబడ్డవమ్మా?”

“నేను స్కూటర్ని అన్నయ్యగారూ” అంది నాగమణమ్మ. “ఈ చేతులు హ్యాండిలు. నిన్న మోటారు సైకిల్ని. ఇవాళే కొంచెం నయం.”

గరాజు కొలతలు తేలాక మిగిలిన జాగాలో ఇల్లు కట్టారు. ఇల్లు ఎలా ఉందో ఇప్పటికీ ఎవరూ అడగరు. గరాజు మాత్రం చూసి తీరాలి. బండి కడిగిన నీళ్లు వాటంతట అవే బయటికి పోయేలా నేలకు వాలు. పెట్రోలు వాసన నిలవకుండా కిటికీలు. అగ్గి పుడితే చల్లడానికి ఇసుక బకెట్. కారుకు, రెండు పాత మోటారు సైకిళ్లకు, నాగమణమ్మ కరెంటు స్కూటరుకు నేల మీద పసుపు రంగు గీతలు. గోడకు పెద్ద చెక్క పలక, దాని మీద పానాల బొమ్మలు, సుత్తి బొమ్మ, పట్టకారు బొమ్మ. ఏ బొమ్మ మీద ఆ సామాను వేలాడాలి.

వీటన్నిటికీ మించినది నిమ్మకాయ. కారు లోపలికి వస్తూ ఎక్కడ ఆగాలో తెలియడానికి పైకప్పు నుంచి దారం కట్టి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీశాడు. అద్దానికి నిమ్మకాయ తగిలితే బ్రేకు. “దిష్టికి దిష్టి, కొలతకు కొలతండీ” అన్నాడు. అయితే శనివారం కట్టిన నిమ్మకాయ శుక్రవారానికి ఎండి చిన్నదవుతుంది, కారు ఆ మేరకు ముందుకు పోతుంది. అందుకని నేల మీద శనివారం గీత వేరు, శుక్రవారం గీత వేరు.

జనం రావడం మొదలైంది. మేడ్చల్ నుంచి వచ్చారు, గండిమైసమ్మ నుంచి వచ్చారు, కీసరకు దర్శనానికి పోయేవాళ్లు దారి తప్పి మరీ వచ్చారు. ఒకప్పుడు నా జీపు చూడటానికి వచ్చిన ఊరు ఇప్పుడు నా ఇంటి ముందు నుంచే ఆయన గరాజుకు పోతోంది. నా సొంత అన్న కొడుకు బాలనర్సయ్య ఏమన్నాడో వినండి.

“కాకా, నీ కొట్టంల బర్రె గూడ సిగ్గుతోని తల వంచుకున్నది. గా గరాజు జూస్తే అండ్లనే పండాలనిపిస్తాంది.”

తప్పు పట్టుకుందామని నేనూ పోయేవాణ్ని. “వానకు నీళ్లు లోపటికి రావా సారూ?” అంటే, “వాలు బయటికుందండీ” అనేవాడు. “ఎలుకలు?” అంటే షటరు కింద రబ్బరు పట్టీ చూపించేవాడు. తప్పు దొరకని మనిషితో స్నేహం చేయడం చాలా కష్టం. ఇంటికి వచ్చేసరికి నా మొహం చూసి, మా ఆవిడ రాధమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చేది.

“దాగు. కడుపుల మంటకు సల్ల మంచిది.”

“నాకేం మంట? ఎండల నడిసొచ్చిన.”

“గరాజుకు పోయినప్పుడే ఎండ గొడ్తది నీకు.”

ఒకనాడు సారే మా ఇంటికి వచ్చాడు. గొడ్ల కొట్టంలో ఒక పక్క బర్రె, ఒక పక్క నా జీపు. పైన రేకులు కారి జీపు మూతికి తుప్పు పట్టింది. నా కొడుకు శ్రవణ్ అక్కడే ఉన్నాడు.

“దసరా అయినంక గీ కొట్టం కూలగొట్టి దుకాణాలు కడ్తున్నం అంకుల్” అన్నాడు. “బర్రెకు ఎనక జాగున్నది. జీపుకే లేదు. పాత ఇనుమోనికి చెప్పిన.”

“తీస్కపోనీ” అన్నాను నేను. “గా జీపు కదులుతదా, మెదులుతదా.”

అలా అని గోడ వైపు చూశాను. కండువాతో రోజూ దాని అద్దం తుడిచేది నేనేనని శ్రవణ్‌కు తెలియదు. ఎవరినైనా జాగా అడగవచ్చు. కానీ ఊరందరి పెళ్లిళ్లకు జీపు ఇచ్చినవాడు ఆ జీపుకు జాగా ఇమ్మని ఎవరి గుమ్మం తొక్కుతాడు?

సారు రాధమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు చుట్టూ గీత గీసి, జేబులోంచి టేపు తీశాడు. జీపును నిలువునా అడ్డంగా కొలిచాడు. కాటికి పోయేదానికి కొలతలెందుకని నాకు ఒళ్లు మండింది. తర్వాత బర్రెను కొలిచాడు. ఆ తర్వాత టేపు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“కొంచెం నిలబడండి. పొట్ట లోపలికి లాగకండి, ఉన్నది ఉన్నట్టు కావాలి.”

“గిదెందుకు సారూ?”

“ఊరికేనండీ. కొలవకపోతే తోచదు.”

బర్రె తల విసిరింది. నేను పెద్దమనిషిని కాబట్టి ఊరుకున్నాను.

మళ్లీ గరాజుకు పోయేసరికి, కారు పక్కన సామాను పెట్టుకునే చోటంతా ఖాళీ అయి, అక్కడ కొత్త పసుపు గీత మెరుస్తోంది. పొడవైన గీత. అందులోనూ ఒక పక్క మరీ వెడల్పు. పైనుంచి దారం వేలాడుతోంది, నిమ్మకాయ లేదు. సారు పెద్ద కారేదో కొంటున్నాడని ఊరంతా గుప్పుమంది.

“ఏం బండి సారూ?” అని అడిగాను, ఊరికే అడిగినట్టు.

“పాతదేనండీ, గొప్పది. ఇంకా అడగలేదు. ఇస్తారో ఇవ్వరో.”

నా బండి ఇనుములోకి పోతుంటే, ఈయన పాత బండ్లు వెతికి కొంటున్నాడు. ఆ రోజు రాధమ్మ చెంబు కాదు, బిందె తేవలసింది.

దసరా వచ్చింది. జీపు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. అదే చివరి దండ అని నాకు తెలుసు, రాధమ్మకూ తెలుసు. ఇద్దరం దండ బాగుందనే అనుకున్నాం.

సాయంత్రం జమ్మి ఆకు తీసుకుని, రాధమ్మతో కలిసి పట్టాభి సారు ఇంటికి పోయాను. జమ్మి చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవడం మా దిక్కు పద్ధతి. పగ ఉన్నవాడితో కూడా తీసుకోవాలి, పగ లేకపోయినా కడుపు మండించినవాడితో తప్పదు. గరాజులో బండ్లన్నిటికీ పూజ అయింది. ఖాళీ గీతకు కూడా నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

“బండి లేకుంట పూజేంది సారూ?”

సారు జమ్మి ఆకు కళ్లకు అద్దుకున్నాడు. “మీరు నాకొక సాయం చెయ్యాలి మల్లేశం గారూ. ఈ ఖాళీ గీత చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఇందులో సరిపోయే బండి ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మీ జీపు. ఇక్కడ పెట్టుకోనిస్తే మీ పేరు చెప్పుకుంటాను. కాదంటే గీత చెరపాలి. నా సర్వీసులో నేను గీత చెరపలేదండీ.”

నేను వెంటనే ఒప్పుకోలేదు. మాజీ సర్పంచి వెంటనే ఒప్పుకోడు. గరాజును ఒకసారి కలియజూశాను. కండువా సర్దుకున్నాను.

“జర సోంచాయించాలె సారూ” అన్నాను.

“ఒప్పుకోండి అన్నయ్యగారూ” అంది నాగమణమ్మ. “లేకపోతే రేపటి నుంచి నేను జీపునై నిలబడాలి.”

“చెల్లె కోసం ఒప్పుకుంటున్న” అన్నాను. “నాకైతే ఇష్టం లేదు.”

మరునాడు ట్రాక్టరుకు తాడు కట్టి జీపును లాగించాడు శ్రవణ్. స్టీరింగు దగ్గర నేను. ఊరంతా వెంట వచ్చింది. కాలనీ మలుపులో ఆనందంతో కొంచెం ముందే తిప్పాను.

“గోడలోంచి రాకండి” అని అరిచాడు సారు. “తలుపు ఇటుంది.”

ఈసారి గోడ నిజంగా ఉంది. తాడు విప్పి, అందరూ తోసి లోపలికి చేర్చారు. రాధమ్మ కట్టిన నిమ్మకాయ అద్దానికి ఠక్కున తగిలింది. నా జీపుకు బ్రేకు లేదు గనక శ్రవణ్ చక్రం కింద ఇటుక పెట్టాడు. జీపు తలుపు బార్లా తెరుచుకుంది. పొట్ట లోపలికి లాక్కోకుండానే దిగాను. మోకాలు నొప్పుండే నా కాలి కిందికి సరిగ్గా ఒక చిన్న పీట వచ్చింది, దాని చుట్టూ పసుపు గీత.

అప్పటికి నాకు అర్థమైంది, గీత ఆ పక్క ఎందుకంత వెడల్పో.

“నన్ను కొలిచింది గిందుకా? మరి బర్రెనెందుకు కొలిచినవ్ సారూ?”

“మిమ్మల్ని ఒక్కరినే కొలిస్తే అనుమానం వస్తుందనండీ.”

ఇప్పుడు గరాజు చూడవచ్చినవాళ్లు ముందు నా జీపు చుట్టూనే తిరుగుతారు. నా బోరు గురించి, ద్రాక్ష గురించి, అంగన్‌వాడీ స్లాబు గురించి అక్కడే నిలబడి చెబుతాను. నిమ్మకాయ గురించి చెప్పడానికి సారు మధ్యలో నోరు తెరుస్తాడు గానీ, వినేవాళ్లు లేరు. ఈ మధ్య ఆయన మజ్జిగ కొంచెం ఎక్కువ తాగుతున్నాడని నాగమణమ్మ చెప్పింది.