మెల్లగా నడిచేవాడు ముందు

నిన్న సాయంత్రం మా వీధిలోకి మునిసిపాలిటీవాళ్ల దోమల పొగ వచ్చింది. ఖమ్మంలోని మా ఖానాపురం హవేలిలో ఇళ్లు పెరిగినకొద్దీ మురికి కాలువలు పెరిగాయి, వాటితోపాటు దోమలూ. పొగ మిషను చప్పుడు వినగానే ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. నేను మూయలేదు. ఆ డీజిలు వాసన అడుగున మందు ఘాటు ఒకటి ఉంటుంది. గొంతులో కాసేపు చేదుగా నిలిచిపోతుంది. ముప్పై మూడేళ్లు మలేరియా విభాగంలో పనిచేసిన నాకు అది పరాయి వాసన కాదు. వరండాలో కుర్చీ వేసుకుని, వీధి మళ్లీ తేటపడేదాకా కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ దావీదు గారే కళ్ల ముందు ఉన్నారు.

దావీదు గారు దుమ్ముగూడెంలో మా హెల్త్ ఇన్‌స్పెక్టరు. అప్పుడు నేను కొత్తగా చేరిన హెల్త్ వర్కర్‌ని. అడవి పల్లెలు తిరిగి, జ్వరం ఉన్నవాళ్ల వేలి నుంచి పరీక్షకు గాజు పలక మీద రక్తపూతలు తీయడం, మాత్రలు ఇవ్వడం, వానలకు ముందు గుడిసెలకు డి.డి.టి. కొట్టించడం మా పని. ఆయన బక్కపలుచని మనిషి. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర తానే కుట్టుకున్న అతుకులు ఉండేవి. ఆదివారం చర్చికి మాత్రం తెల్ల చొక్కా. నేను చేరడానికి ముందే ఆయన భార్య చనిపోయింది. ఒక్కరే ఉండేవారు, ఒక్కరే వండుకునేవారు. ఆమె ఎట్లా చనిపోయిందని ఎవరూ అడిగేవారు కాదు. నేనూ అడగలేదు.

పదో తరగతి నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఎక్కడికి వెళ్లాను, ఎంత దూరం, ఎంత సేపు పట్టింది అన్నీ రాస్తాను. చేరిన మూడో నెలలో ఒకరోజు నలుగురు కూలీల గ్యాంగును వెంటబెట్టుకుని, భుజాల మీద పిచికారీ పంపులతో ఒక గుట్టమీది పల్లెకు బయలుదేరాం. కాలిబాట ఒక్క మనిషికి సరిపోయేంతే. అందరికంటే ముందు నేను. ఏడు కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో నడిచానని గడియారం చూసుకుని సంబరపడ్డాను. దావీదు గారు వేరే దారిలో అప్పటికే వచ్చి, ఒక గుడిసె అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"మంచిగ వచ్చినవయ్యా. నాలుగోవాడేడి?"

వెనక్కి చూశాను. ముగ్గురే ఉన్నారు. సీతయ్య లేడు.

"వెనుక వస్తుండు సార్."

"వెనుకంటే ఏడ?"

అందరం వచ్చిన దారినే వెనక్కి నడిచాం. రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఇప్పచెట్టు మొదట్లో సీతయ్య ముడుచుకుని కూర్చుని వణుకుతున్నాడు. పంపును మాత్రం పడిపోకుండా జాగ్రత్తగా చెట్టుకు ఆనించి పెట్టాడు. పొద్దున్నుంచే జ్వరమట. నా సంచిలో రెండు వందల జ్వరం మాత్రలు ఉన్నాయి.

"చెప్పొద్దారా?" అన్నాను కోపంగా.

"మీరు బాగ ముందున్నరు సార్. అరిస్తే ఇనపడలే" అన్నాడు.

దావీదు గారు అక్కడే అతని రక్తపూత తీసి, మాత్రలు మింగించి, పంపును తన భుజానికి ఎత్తుకున్నారు. సీతయ్యను లేపి వరుసకు ముందు నిలబెట్టారు.

"ఇయ్యాల్టి సంది గిదే పద్ధతి. ఎవడు మెల్లగ నడుస్తడో వాడు ముందు. నువ్వు అందరికన్న ఆఖర్ల."

"అట్లయితే పని ఆలస్యమైతది సార్."

"అయితది. కానియ్. ముందు నడిచేటోనికి తొవ్వ కనపడ్తది. ఎనుక నడిచేటోనికి మనుషులు కనపడ్తరు. నీకు తొవ్వ ఎట్లనో తెలుసు గద."

ఆ రోజు నా డైరీలో 'సీతయ్యకు జ్వరం. పని రెండు గంటలు ఆలస్యం' అని మాత్రమే ఉంది. ఆయన అన్న మాట రాసుకోలేదు. కానీ ఆ తర్వాత అడవిలో ఎప్పుడు నడిచినా ఆయన పద్ధతే పాటించాను.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పినప్పుడు దావీదు గారు కూలీలకు మాటలు చెప్పేవారు. దోమల గురించి తక్కువ, ఇళ్ల గురించి ఎక్కువ. "ఇంటికి పోంగనే అన్నం ఏదని అడగకు. నువ్వు తిన్నవా అని అడుగు. ఆ తర్వాత ఎట్లైన పెడ్తది." "కోపమొస్తే నోట్లె నీళ్లు పోసుకోని మింగకుండ నిలబడు. నీళ్లుండంగ తిట్టలేవు గద." "మొగోడు పానం బాగలేదని చెప్పడు, కింద పడ్డంక చెప్తడు. గంత లావు ధైర్యం మనకెందుకురా?" ఒకసారి ఒక కూలీ తెగించి అన్నాడు: "ఇంట్ల ఆడమనిషి లేనోళ్లు గిన్ని చెప్తరేంది సారూ?" అందరూ బిగుసుకుపోయారు. దావీదు గారు మాత్రం నవ్వారు. "పల్లు ఊడినోన్నే అడగాల్రా పంటి విలువ. నీ నోట్లె ముప్పై రెండున్నయ్, నీకేం తెలుస్తది?"

ఆయన రిటైరవడానికి ముందు ఏడాది ఒక ఆదివారం, భద్రాచలంలో మేం కిరాయికున్న ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఆవిడ సుగుణ చేపల పులుసు చేసింది. ఎండ చల్లబడ్డాక ముగ్గురం కరకట్ట మీదికి షికారు బయలుదేరాం. ఎప్పటిలాగే నేను ముందు. మలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుని, "జల్దీ రా!" అని కేకేశాను. దావీదు గారు ఆమె పక్కనే, ఆమె అడుగుకు అడుగు వేస్తూ వచ్చారు.

"ఏందయ్యా, నిన్నెవరన్న తరుముతున్నరా?"

"ఆమె నడక ఎప్పుడూ గంతే సార్. రథోత్సవం నడక."

"మరి ఆమెను ముందు నడవనియ్. గ్యాంగుల చేసినవ్ గద."

"ఆయన ముందు లేకపోతే గోదారి ఎటుందో మాకు తెల్వదు గద అన్నయ్యా" అంది సుగుణ.

ముగ్గురం నవ్వాం. నేను "గ్యాంగు వేరు, ఇల్లు వేరు సార్" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. నీళ్లవైపు చూసి, "ఇల్లు వేరని నేను గూడ అనుకున్న" అన్నారు.

తర్వాత ఆయన రిటైరై పర్ణశాల దగ్గర తన చెల్లెలి ఊరికి వెళ్లిపోయారు. నేను బదిలీల మీద తిరిగి తిరిగి ఖమ్మం చేరాను. మా ఒక్కగానొక్క అమ్మాయి పెళ్లి చేసుకుని వరంగల్లులో స్థిరపడింది. ఇంట్లో మేమిద్దరం మిగిలాం. నేను బుద్ధి తెచ్చుకుని ఆయన మాట విన్నానని రాయాలని ఉంది, కానీ అది నిజం కాదు. రిటైరైన మరుసటి ఏడు మెట్టు దిగుతుంటే నా కాలు మడతపడింది. కట్టు విప్పాక కూడా కుంటుతూ నడవాల్సి వచ్చింది. అట్లా, పెళ్లయిన ముప్పై ఏళ్లకు మొదటిసారి, సాయంత్రం నడకలో సుగుణ నాకంటే ముందు నడిచింది.

మొదటి రోజు ఆమె ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగితే నా కోసమే అనుకున్నాను. నాలుగో రోజుకు అనుమానం వచ్చింది. ఆగినప్పుడు ఆమె వెనక్కి చూడటం లేదు. స్తంభానికి చెయ్యి ఆనించి, చెంగు సర్దుకున్నట్టు నటిస్తోంది. వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. లెక్కపెట్టాను. ప్రతి మూడో స్తంభానికీ ఆగుతోంది.

"ఏమైంది?"

"ఏం లేదు. చెంగు జారింది."

"సరిగ్గా మూడు స్తంభాలకొకసారి జారుతుందా?"

ఆమె పక్కనే ఉన్న కల్వర్టు గోడ మీద కూర్చుంది. నవ్వబోయింది, ఊపిరి చాలలేదు. "ఇన్నేండ్లకు లెక్కబెట్టిండ్రా?" అంది.

"ఎప్పటి నుంచి?"

"భద్రాచలంల ఉన్నప్పటి సంది. మీరు ముందుపోయి మలుపు కాడ గడియారం చూస్తరు గద. ఆ సందుల నేను ఊపిరి తీసుకునేదాన్ని."

"నాకు చెప్పలేదేం?"

"మీరు జల్దీ రా అన్నరు. ఏమైందని అడగలే."

ఆ మాటలో కోపం లేదు. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

గుండెలో ఒక కవాటం దెబ్బతిన్నదని డాక్టరు చెప్పారు. చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల వచ్చిందట. చాలా ఏళ్ల కిందటే చూపించి ఉంటే ఆపరేషను తేలికగా అయిపోయేదనీ, ఇప్పుడు మందులతో నెట్టుకురావడమే మంచిదనీ అన్నారు. ఇంటికి వచ్చి బీరువాలోంచి పాత డైరీలు దించాను. దావీదు గారు భోజనానికి వచ్చిన ఆదివారం దొరికింది. 'కరకట్ట దాకా నడక. ఆమె వల్ల పన్నెండు నిమిషాలు ఆలస్యం.' అది నా చేతిరాతే. ఆ ఆదివారం నుంచి నా కాలు మడతపడిన రోజుకు ఇరవై రెండేళ్లు.

ఆ నెలలోనే దావీదు గారిని వెతుక్కుంటూ వెళ్లాను. ఎనభై దగ్గర పడ్డాయి, చూపు మందగించింది, గొంతు మాత్రం అదే. జరిగింది చెప్పి, "ఆ రోజు మీకెట్లా తెలిసింది సార్?" అని అడిగాను.

"నాకేం తెలుసయ్యా? ఆమెకు ఆయాసమని నాకూ తెల్వదు. నువ్వు ముందు నడుస్తున్నవని తెలుసు, గంతే." ముఖం నావైపు తిప్పారు. "మా ఆమెకు నెల రోజుల సంది జ్వరమొస్తుందని నాకు చెప్పింది పక్కింటామె. అప్పటికే తెలివి తప్పింది. ఊరూరు తిరిగి అందరి రక్తం తీసినోన్ని. ఆమెది తియ్యలే."

ఆయన తడుముకుని నా మోకాలి మీద చెయ్యి వేశారు. "నీకింక టైముంది. పో, ఇంటికి పో" అన్నారు. మరుసటి ఏడు ఆయన పోయారని చెల్లెలి కొడుకు ఫోను చేశాడు.

నాకు దొరికిన టైము ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ ఆమె ముందు, నేను వెనుక. కాలు నయమయ్యాక కూడా అంతే. ఆ ఆరేళ్ల డైరీల్లో దూరాలు, నిమిషాలు తక్కువ. ఆమె ఏం తిన్నది, ఏ పక్కకు తిరిగి నిద్రపోయింది, ఏ మాటకు నవ్వింది అన్నవి ఎక్కువ. ఆమె పోయి నాలుగేళ్లయింది.

మా కాలనీ పార్కులో రిటైరైన మగవాళ్లం ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. ఒకరి షుగరు ఒకరికి, ఒకరి బీపీ ఒకరికి కంఠతా వచ్చు. ఒకరోజు, "మీ ఇంట్లో ఆవిడకు బీపీ ఎంత?" అని అడిగాను. ఒక్కరికీ తెలియదు. "ఆమెకేందండీ, రాయిలెక్కుంటది" అన్నాడు ఒకాయన. సుగుణ గురించి చెప్పాను. అందరూ తలలు వంచుకుని విన్నారు. తర్వాత ఎవరో కరెంటు బిల్లు సంగతి ఎత్తారు. నేను దావీదు గారిలా చెప్పలేను. కానీ మర్నాడు ఆ రాయి మాట అన్నాయన నా దగ్గరికి వచ్చి, చెవిలో రహస్యం చెప్పినట్టు, "నూట డెబ్బై ఉందండీ, మందులు మొదలుపెట్టినం" అన్నాడు.

పోయిన వారం నాకు షుగరు చూసే డాక్టరమ్మ మందలించింది. "ఈ నడక చాలదు తాతగారూ. చెమట పట్టాలె. కొంచెం జల్దీ నడవండి." చిన్నపిల్ల, మంచికే చెప్పింది. మర్నాడు సాయంత్రం నిజంగానే వేగంగా నడిచాను. నా కాళ్లలో ఆ వేగం ఇంకా మిగిలే ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. మలుపు దాకా ఒక్క ఊపున వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగాను.

షేర్ ఆటో ఒకటి పోయింది. స్కూటరు మీద ఎవరో కూరగాయల సంచితో పోయారు. మిగతా రోడ్డంతా ఖాళీగా ఉంది. ఆమె అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ నిలబడ్డాను. ఎన్ని నిమిషాలో చూసుకోలేదు. తర్వాత మెల్లగా ఇంటివైపు నడిచాను.