బ్రేక్ వేస్తే ఆఫ్ అయ్యే కారు, మా మెకానిక్ భాయ్

గత వారం పొద్దున దాచేపల్లి ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కబోతుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "మెకానిక్ భాయ్ పోయారంట" అని నా భార్య ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. సెలవు అడగడానికి వెళితే ఎవరు పోయారని అడిగాడు మా సూపర్‌వైజర్. మా మెకానిక్ అన్నాను. మెకానిక్ పోతే సెలవేంది అన్నట్టు చూశాడు. అప్పుడు ఆయనకు వివరించే ఓపిక నాకు లేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నరసరావుపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఆయన రేకుల షెడ్డు. కారు దగ్గరికి రాగానే చేతులు తుడుచుకుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, పెదాల మీదే బిస్మిల్లా అనుకుని అప్పుడు తెరిచేవారు. షెడ్డులో పాటలు పెట్టనిచ్చేవారు కాదు. ఇంజన్ చప్పుడు వినపడదని కోపం. ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. బండిలో డాష్‌బోర్డు అర తను తెరిచేవారు కాదు. అందులో ఏదైనా కావలసి వస్తే ఓనరును పిలిచి తీయమనేవారు. ఒకసారి నేను నవ్వితే, "బండి ఇచ్చారు గానీ ఇల్లు ఇవ్వలేదుగా తమ్ముడూ" అన్నారు. మనిషి దాచుకున్నదాన్ని తాకకూడదని ఆయన మర్యాద. ఆ మర్యాద గురించే ఇదంతా.

నాకు కార్ల పిచ్చి. మూడేళ్ల కిందట పాత పెట్రోల్ టర్బో కారు ఒకటి కొన్నాను. కొన్నవాణ్ణి ఊరుకోకుండా హైదరాబాదు వెళ్లి దానికి కొత్త పైపులు, కొత్త వాల్వు వేయించాను. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆ వాల్వు "తుస్స్" మని గాలి వదులుతుంది. ఆ చప్పుడు కోసమే వేయించానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అప్పుడు మాత్రం భాయ్‌కి చెప్పడానికి సిగ్గేసింది. ఊళ్లో మేనమామ ఉండగా సత్రంలో దిగినట్టు ఉంటుందని చెప్పలేదు.

వారం తిరక్కుండానే కారు మొరాయించింది. పరిగెడుతున్నంతసేపూ బంగారం. ఆపుదామని కాలు తీసి, క్లచ్ నొక్కి, బ్రేక్ వేస్తే ఇంజన్ ఆఫ్. సిగ్నల్ దగ్గర ఆఫ్, గేదెలు అడ్డమొస్తే ఆఫ్. వెనక ఆటోవాళ్లు తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. గతిలేక భాయ్ దగ్గరికే వెళ్లాను.

"ఏమన్నా మార్పించావా తమ్ముడూ?"

"లేదు భాయ్. బంకులో పెట్రోలు కల్తీ అనుకుంటా."

పక్కన కూర్చుని ఊళ్లో ఒక చుట్టు తిప్పించారు. చప్పుడు బయటపడకుండా నేను పెళ్లి ఊరేగింపులో నడిపినట్టు నడిపాను. తరువాత ఆయన బానెట్ ఎత్తి, ఇంజన్ మీది కవరు విప్పి, ప్లగ్గులు చూసి, గాలి వెళ్లే దారంతా శుభ్రం చేశారు. ఆ కింద కొత్త వాల్వు తళతళ మెరుస్తూనే ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగారు. నా ముఖం చూశారు. కవరు బిగించేసి, "నెమ్మదిగా పో. ఇంకేమన్నా గుర్తొస్తే వచ్చి చెప్పు" అన్నారు. బయటపడ్డాను రా దేవుడా అనుకుంటూ వచ్చేశాను.

ఆ ఆదివారం భార్యను, నాలుగేళ్ల పాపను ఎక్కించుకుని కోటప్పకొండ వెళ్లాను. దర్శనమయ్యాక ఘాట్ రోడ్డు దిగుతున్నాం. మలుపు దగ్గర బ్రేక్ వేసి క్లచ్ నొక్కేసరికి ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. కంగారులో కాలెత్తి మళ్లీ మళ్లీ తొక్కాను. బ్రేక్ రాయిలా గట్టిపడింది. కారు పిట్టగోడను రాసుకుంటూ వెళ్లి ఆగింది. పాప ముందు సీటుకు కొట్టుకుని గడ్డం చిట్లింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ గోడ లేకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఊహించుకోను.

మర్నాడు పొద్దున్నే ఎవరు చెప్పారో, స్కూటర్ మీద సామాన్ల సంచీతో భాయ్ మా ఇంటికి వచ్చారు. పాప గడ్డం మీద కట్టు చూసి గుమ్మం మెట్టు మీద కూలబడ్డారు.

"నాకు ఆ రోజే కనపడింది తమ్ముడూ. నువ్వు సిగ్గుపడతావని నోరు మూసుకున్నా."

"అబద్ధం చెప్పింది నేను భాయ్. మీ తప్పేముంది?"

"అబద్ధం నీది. తెలిసి మూత బిగించిన చెయ్యి నాది" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మర్యాదంట మర్యాద! తగలెయ్యనా దాన్ని?"

నా భార్య అప్పుడు నన్ను చూసిన చూపు ఆ మూడు కుట్ల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. అటక మీద దాచిన పాత వాల్వు తనే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నన్ను పక్కన నిలబెట్టుకుని, కొత్తది నా చేతే విప్పించి, పాతది నా చేతే బిగింపించారు. మధ్యలో రోగమేందో చెప్పారు.

"లోపలికి వచ్చే గాలిని సెన్సర్ లెక్కపెడతది. పది మంది భోజనానికొచ్చారు, పది మందికి వండమని చెప్తది. నువ్వేమో కాలు తీసినప్పుడల్లా అందులో ఐదుగుర్ని దొడ్డిదారిన బయటికి తోలేస్తివి. వండింది ఎవరు తినాల? కంపెనీ వాల్వు ఆ గాలిని మళ్లీ లోపలికే తిప్పుద్ది. నీది బయటికి వదిలేస్తది. పెట్రోలు ఎక్కువైపోయి ఇంజన్ ఉక్కిరిబిక్కిరైతంది. అంతే, చానా చిన్న సంగతి."

ఆ చిన్న సంగతికి మా పాప గడ్డం మీద గీత మిగిలిపోయింది. సాయంత్రం ఆయన పక్కన కూర్చుని నన్ను మళ్లీ కొండ ఎక్కించి దించారు. ప్రతి మలుపులోనూ ఆపించారు. కారు ఒక్కసారి కూడా ఆఫ్ కాలేదు. ఆయన దారి పొడవునా నా భుజం మీద చెయ్యి వేసి ఉంచారు.

ఆ రోజు నుంచి ఆయన పద్ధతి మార్చుకున్నారు. ఎవరు బండి తెచ్చినా, ఏం చేశావని మూడుసార్లు అడిగేవారు. మొదటిసారి మామూలుగా. రెండోసారి కళ్లలోకి చూసి. మూడోసారి చేతిలో పానా కింద పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని. మూడోసారికి ఎంతటి మొండివాడైనా కక్కేవాడు. రేడియేటర్‌లో కాలవ నీళ్లు పోశానని ఒకడు, బావమరిది చేత వైర్లు కలిపించానని ఒకడు. "ముందే చెప్తే ఏమైతది రా నీకు?" అని తిట్టి, టీ తాగించి, పని మొదలుపెట్టేవారు. విసుక్కునేవాళ్లు విసుక్కున్నారు. ఆయన మాత్రం మానలేదు.

పోయిన డిసెంబరులో ఆయిల్ మార్పించడానికి వెళ్లాను. మధ్యాహ్నం వేళ క్యారియర్ విప్పుకుని కూర్చుని ఉన్నారు. రెండు ముద్దలు తిని మూత పెట్టేశారు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"ఏంది భాయ్, ఇంత చిక్కిపోయారు? ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం లేదులే తమ్ముడూ, ఎండలు" అన్నారు.

చలికాలంలో ఎండలేంటి? అబద్ధమని నాకు అక్కడే తెలిసింది. పెద్దాయన చెప్పదలుచుకోలేదు, తవ్వడమెందుకని ఊరుకున్నాను.

గత వారం ఆయన్ని మట్టి చేసి వచ్చాక వాళ్ల ఇంటి ముందు నిలబడి ఉంటే ఆయన భార్య చెప్పింది. ఏడాదిగా కడుపులో నొప్పంట. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదంట. గుంటూరు తీసుకెళ్లేసరికి డాక్టర్లు చెయ్యడానికి ఏమీ మిగల్లేదంట. "మీకన్నా చెప్పాడా బాబూ?" అని ఆమె నన్ను అడిగింది. లేదమ్మా అన్నాను. చెప్పలేదన్నది నిజమే. నేను ఒక్కసారే అడిగానన్నది కూడా నిజమే. రెండోది ఆమెకు చెప్పలేకపోయాను.

ఆ డిసెంబరు మధ్యాహ్నం నేను కారు వెనక్కి తీస్తుంటే ఆయన లేచి వచ్చి షెడ్డు ముందు నిలబడ్డారు. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. రెండో చేత్తో ఇంకా రా, ఇంకా రా అని నాకు దారి చూపించారు. రోడ్డెక్కాక అద్దంలో చూశాను. అక్కడే నిలబడి ఉన్నారు. బండి చక్కగా నడుస్తోందని సంతోషపడుతూ నేను ఇంటికి వచ్చేశాను.