అక్క తెరలో నల్లని సగం

బొల్లారం మందుల కంపెనీలో నా పక్క సీటు అక్కకు ఏదీ బాగుచేయించే అలవాటు లేదు. "నడుస్తున్నది గదా, ఉండనియ్యి" అనేది. ల్యాప్‌టాప్ తెరలో కుడి సగం నల్లబడినా అదే మాట. నేను ఊరుకోక దాన్ని ఆఫీసులోని టీవీకి కలిపి చూశాను. టీవీలో బొమ్మ నిండుగా వచ్చింది.

"మిషన్ మంచిగనే ఉందక్కా, తెర ఒక్కటే ఖరాబైంది. మార్పిద్దాం."

"వద్దు తమ్మీ. వీడియో మీటింగుల మేనేజర్ సారు మొఖం గా నల్లదాంట్లనే వస్తది. నా పానం నిమ్మళంగ ఉంటది."

నిజమే. సిటీ ఆఫీసు నుంచి సారు అరుస్తుంటే మేమంతా తలలు వంచుకునేవాళ్లం. అక్క మాత్రం చిరునవ్వుతో "సరే సార్" అనేది. ఆ ఓపికకు మెచ్చిన సారు, ఆమె తెర పాడైందని తెలిసి వెంటనే కొత్తది వేయించాడు.

తరువాతి మీటింగులో, తిట్టేటప్పుడు ఆయన్ను అక్క మొదటిసారి తేరిపార చూసింది. ఆయన మమ్మల్ని తిడుతూ తీరిగ్గా గోళ్లు కత్తిరించుకుంటున్నాడు.

అక్క మైకు నొక్కింది. "సార్, గోర్లు తీసుకునుడు అయినంక తిట్టుండ్రి. అందాంక మేం పని చేసుకుంటం."

సారు గోళ్ల కత్తెరను చటుక్కున కిందికి దించాడు. మేం ఒక్కొక్కరమే తలెత్తి ఆయన్ను చూశాం.